మూడో సీసాలో అడుగునీళ్ళు

"పది నిమిషాలు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "అక్క మొహం చూసి ఇస్తున్నాను. పదకొండోది అడగకు బావా."

"మీ అక్క మొహం చూసి నేను పాతికేళ్ళుగా ఎన్నో ఇచ్చాను. నువ్వు పది నిమిషాలకే లెక్క చెప్తున్నావు," అన్నాడు డిటెక్టివ్.

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. లాకప్పు తాళం తీయించి, తను బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెవులు మాత్రం లోపలే వదిలేశాడు.

లాకప్పులో ఉన్నవాడు సరస్సు లేబరేటరీ పడవ నడిపే మనిషి. ఊరంతా తాగేది ఆ సరస్సు నీళ్ళే. వారానికొకసారి పడవ మీద సరస్సు మధ్యకు వెళ్ళి, అన్నిటికంటే లోతైన చోట పైన, నడుమ, అడుగున నీళ్ళు తోడి పరీక్షించడం లేబరేటరీ పని. ఆ పనికి పెద్ద అయిన సైంటిస్టును అందరూ మేడమ్ అనేవారు. ఆమె నిన్న ఉదయం చనిపోయింది. ఎనిమిదీ నలభైకి చేపలవాళ్ళు చూసేసరికి పడవ సరస్సు మధ్యలో కొట్టుకుపోతూ ఉంది. ఆమె పడవ పక్కన నీళ్ళలో ఉంది. లైఫ్ జాకెట్ పట్టీ పడవ కమ్మీకి చిక్కుకుని ఉంది. తల వెనక దెబ్బ. ఊపిరితిత్తుల్లో నీళ్ళు. సాయంత్రానికి పడవవాణ్ణి అరెస్టు చేశారు. ఈరోజు నాలుగింటికి కోర్టుకు తీసుకెళ్తారు. రాత్రి వాడి అక్క వచ్చి డిటెక్టివ్ గుమ్మం ముందు నిలబడింది. ఆమె అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటించే లాంచీ నడుపుతుంది.

"నిన్న మేడమ్‌తో పడవెక్కావా?" అడిగాడు డిటెక్టివ్.

"లేదు సార్. రావద్దన్నారు."

"ఎప్పుడు?"

"మొన్న సాయంత్రం, లేబరేటరీ మూసేటప్పుడు. రేపు పడవ నేనే నడుపుకుంటాను, నువ్వు ఇంట్లో పడుకో అన్నారు."

"ఆ మాట ఇంకెవరైనా విన్నారా?"

"లేదు సార్."

"పడవ నడిపేవాణ్ణి వద్దని తనే ఎందుకు నడుపుకుంటానంది?"

పడవవాడు లుంగీ అంచు సర్దుకున్నాడు.

"పోయిన వారం ఆమె నీ మీద కేకలేసింది. కాపలా మనిషి విన్నాడు. దేనికి?"

వాడు గోడ వైపు చూశాడు. గోడ మీద చూడటానికేమీ లేదు.

"నాలుగింటికి నిన్ను జడ్జి ముందు నిలబెడతారు. అప్పుడు కూడా గోడనే చూస్తావా?"

"అది చెప్తే ఉద్యోగం పోతుంది సార్."

"చెప్పకపోతే?"

"నా ఒక్కడి ఉద్యోగమే కాదు సార్," అని వాడు ఆగిపోయాడు. బయట కుర్చీ కిర్రుమంది.

"అయిపోయింది బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పదకొండున్నరకు బావా బావమరుదులిద్దరూ లేబరేటరీ రేవులో ఉన్నారు. రేవు అంటే ఒడ్డు నుంచి నీళ్ళలోకి వేసిన చెక్కల దారి. దాని చివర పడవ కట్టి ఉంది. పక్కన కానిస్టేబులు గొడుగేసుకుని కాపలా ఉన్నాడు. నిన్నటి నుంచి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదని చెప్పాడు.

డిటెక్టివ్ పడవలోకి దిగి ముందుగా ఇంజను దగ్గరికి వెళ్ళాడు.

"దీన్ని చేపలవాళ్ళు ఎలా చూశారు? ఇంజను కింది పంకా నీళ్ళలో ఉందా, పైకెత్తి ఉందా?"

"పైకెత్తి ఉంది. ఇప్పుడెలా ఉందో అలాగే. వాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు."

"పడవ రేవులో కట్టేశాక పంకా పైకెత్తుతారు. సరస్సు మధ్యలో ఎవరెత్తుతారు?"

"నీళ్ళ నమూనా తీసే తాడు దానికి చుట్టుకుంటుందని ఎత్తుంటారు. నీకు ప్రతిదీ కుట్రలాగే కనిపిస్తుంది బావా. మొన్న మా ఇంట్లో గోడగడియారం ఆగిపోతే కూడా పనిమనిషిని అడిగావు."

"దాంట్లో బ్యాటరీ తీసింది ఆవిడే కదా."

ఇన్‌స్పెక్టరు మాట మార్చాడు. "పొద్దున్నే గాలి ఒడ్డు మీంచి సరస్సులోకి వీస్తుంది, అదే నీ అనుమానమా? పడవ తనంతట తనే అక్కడికి వెళ్ళిందంటావు. అయితే ఆ పెట్టె చూడు."

పెట్టెలో మూడు గాజు సీసాలు ఉన్నాయి. గాజు బిరడాలు బిగించి ఉన్నాయి. ఒక్కొక్క దాని మీద లోతు రాసిన చీటీ. మొదటి రెండింటి అడుగున గోధుమరంగు మడ్డి పేరుకుని ఉంది. మూడోదాని చీటీ మీద 'అడుగు' అని ఉంది. దాంట్లో మడ్డి తెల్లగా ఉంది.

"ఇవేమిటో తెలిసినవాళ్ళని పిలిపించాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెక్కల మీద ఇద్దరు వచ్చారు. ముందు లేబరేటరీ డైరెక్టరు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. టోపీ గాలికి ఎగరకుండా చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు. వెనక కెమిస్టు. ముప్ఫై ఏళ్ళుంటాయి. తెల్లకోటు విప్పకుండానే వచ్చింది. చెక్కల దారి మధ్యలోనే ఆగిపోయింది.

"దగ్గరికి రా అమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి సార్," అందామె. "ఇవి ఆక్సిజన్ సీసాలు. నీళ్ళు తోడిన వెంటనే పడవలోనే రెండు మందులు వేసి బిరడా పెట్టేయాలి. నీళ్ళలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లగా దిగుతుంది."

"మూడోది తెల్లగా ఉంది. తప్పు జరిగిందా?"

"లేదు సార్. అలాగే ఉండాలి. ఎండాకాలమంతా పైనీళ్ళు వేడెక్కి మూతలాగా కూర్చుంటాయి. కింద చల్లటి నీళ్ళకి గాలి అందదు. ఈ రోజుల్లో అడుగున ఆక్సిజన్ సున్నా. మేడమ్ సరిగ్గానే తీశారు."

ఇన్‌స్పెక్టరు బావ వైపు తిరిగాడు. ఈ ఘడియ కోసం పొద్దుటినుంచీ కాచుకుని ఉన్నట్టున్నాడు.

"విన్నావా? మేడమ్ సరస్సు మధ్యకి వెళ్ళింది, అడుగునీళ్ళు తోడింది, మందు వేసింది. ఆ తర్వాతే చచ్చిపోయింది. పడవని ఒకచోట నిలబెట్టి అంత లోతుకి నీళ్ళు తోడే గొట్టం దించడం ఒక్క మనిషి వల్ల కాదని డైరెక్టరుగారే నిన్న చెప్పారు. రెండో మనిషి ఉన్నాడు. వాడు పడవవాడు కాకపోతే ఇంకెవడు, జలకన్యా?"

ఆ వాదంలో డిటెక్టివ్‌కు ఎక్కడా సందు దొరకలేదు. పడవ మూలన ఉన్న నమూనా గొట్టం పైకి తీశాడు. అది రెండు వైపులా మూతలున్న గొట్టం. మూతలు తెరిచి తాడుతో దించుతారు. కావలసిన లోతుకు చేరాక తాడు వెంట ఒక ఇత్తడి బిళ్ళ జారవిడిస్తే అది వెళ్ళి తగిలి మూతలు పడిపోతాయి. తాడుకు మీటరుకొక ఎర్రటేపు చుట్టి ఉంది. డిటెక్టివ్ తాడును గొట్టం దగ్గర నుంచి చేతుల్లోకి లాక్కుంటూ వచ్చాడు. ఆరో టేపు దాకా పచ్చగా నాచు పట్టి ఉంది. ఏడో టేపు నుంచి తాడు కొన్ననాటిలాగే ఉంది.

"ఈ తాడు ఆరు మీటర్లు దాటి తడిసినట్టు లేదే," అన్నాడు.

"నాచుకి వెలుతురు కావాలి సార్," అంది కెమిస్టు. "వెలుతురు దిగేంతవరకే తాడుకి నాచు పడుతుంది."

డైరెక్టరు తల ఊపాడు. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు.

"అది నిజమే అయ్యుంటుంది. దించి చూద్దాం," అన్నాడు డిటెక్టివ్. "అమ్మా, మీరు కూడా వస్తే—"

"నాకు పనుంది సార్. ఈ సీసాల్లో ఆక్సిజన్ ఎంతో ఈరోజే తేల్చకపోతే నీళ్ళు పాడైపోతాయి."

"తీసుకెళ్ళమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. కానిస్టేబులు పెట్టె ఎత్తి ఆమెకు అందించాడు. ఆమె దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని ఒడ్డు వైపు వెళ్ళిపోయింది.

"నేనొస్తాను," అన్నాడు డైరెక్టరు. "సరస్సు మీదకి వెళ్ళి నాలుగేళ్ళయింది. కాగితాల మీదే ఈదుతున్నాను."

పడవ నడపడానికి పడవవాడి అక్కను పిలిపించారు. ఆమె లాంచీ మధ్యాహ్నం ట్రిప్పు ఇంకొకరికి అప్పజెప్పి వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఆమెను చూసి ముఖం చిట్లించాడు. ముద్దాయి అక్క చేత దర్యాప్తు పడవ నడిపించడం ఏ రూల్లో ఉందని అడిగాడు.

"మీరు నడుపుతారా సార్?" అంది ఆమె. "నేను గట్టు మీద కూర్చుంటాను."

అతను వెళ్ళి వెనక కూర్చున్నాడు.

లోతైన చోటికి చేరడానికి పావుగంట పట్టింది. ఒడ్డుకు కొంచెం దూరంలో నీళ్ళలో నిలబడిన తాగునీటి పంపు టవరు వెనక్కి పోయి, వేలెడంత కనిపించింది. ఆమె ఇంజను తగ్గించి పడవను గాలికి ఎదురు నిలబెట్టింది. డైరెక్టరు చొక్కా చేతులు మడిచి ముందు పైనీళ్ళలో థర్మామీటరు ముంచాడు. ఇరవై ఒకటి. తర్వాత గొట్టం దించాడు. ముప్ఫయ్యో టేపు చేతికి వచ్చాక బిళ్ళ జారవిడిచాడు. తాడులో అదురు తెలిసింది. ఇన్‌స్పెక్టరు, డిటెక్టివ్ కలిసి పైకి లాగారు. డైరెక్టరు అడుగునీళ్ళలో థర్మామీటరు పెట్టాడు.

ఇరవై ఒకటి.

థర్మామీటరు విదిలించి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ అంతే. సీసా నింపి, వెంట తెచ్చుకున్న మందులు వేసి, బిరడా పెట్టి తలకిందులు చేశాడు. సీసాలో మబ్బు కమ్మింది. అది నెమ్మదిగా కిందికి దిగింది.

గోధుమరంగు.

"తిరగబడింది," అన్నాడు డైరెక్టరు.

"ఏది? పడవా?" ఇన్‌స్పెక్టరు కమ్మీ పట్టుకున్నాడు.

"సరస్సు. చలి మొదలయ్యాక పైనీళ్ళు చల్లబడతాయి. ఒక పెద్ద గాలి వస్తే పైదీ కిందదీ కలిసిపోతాయి. అడుగుకి ఆక్సిజన్ చేరుతుంది. ఏటా ఇంకో నెల పట్టేది. మూడు రోజుల కిందట రేకులు లేచిపోయేంత గాలి వచ్చింది కదా, ఆ రాత్రే తిరగబడుంటుంది."

"ఈరోజు ఇలా ఉంది సరే. నిన్న ఎలా ఉందో మీకేం తెలుసు?"

"నిన్న అంత పెద్ద గాలి ఏదండీ? పొద్దుటి పిల్లగాలికి ఇంత సరస్సు కలవదు. నిన్న పొద్దున మేడమ్ ఇక్కడ నీళ్ళు తోడుంటే, ఇదే రంగు వచ్చుండాలి."

డిటెక్టివ్ ఆ సీసాను వెలుతురుకెత్తి చూశాడు.

"అంటే ఆ తెల్లసీసా ఇక్కడిది కాదు," అన్నాడు డిటెక్టివ్. "ఎవరో ఒడ్డు మీదే తయారుచేశారు. ఆక్సిజన్ లేని నీళ్ళు ఒడ్డు మీద దొరుకుతాయా?"

"మా లేబరేటరీలో ఎప్పుడూ ఒక జాడీ ఉంటుంది. ఆక్సిజన్ మీటరు సున్నా చూపిస్తుందో లేదో సరిచూడటానికి. నీళ్ళలో ఒక ఉప్పు కలిపితే ఆక్సిజన్ అంతా లాగేస్తుంది."

"ఆ సంగతి పడవవాడికి తెలుసా?"

"వాడికా? వాడు ఆ గదిలోకే రాడు."

డిటెక్టివ్ బావమరిది వైపు చూశాడు. "పడవవాడు దొంగ సీసాలు పెట్టాలనుకుంటే మూడూ రేవు దగ్గర ముంచేవాడు. మూడూ ఒకే రంగులో ఉండేవి. అడుగునీళ్ళు తెల్లబడాలని తెలిసినవాళ్ళే ఇది చేశారు. ఈసారి తెల్లబడవని మాత్రం వాళ్ళకి తెలీదు. ఎందుకంటే వాళ్ళు గాలి తర్వాత ఇటు రాలేదు."

"గాలి తర్వాతేంటి, రెండేళ్ళుగా రాలేదు సార్," అంది అక్క.

ముగ్గురూ ఆమె వైపు తిరిగారు. ఆమె చుక్కాని వదల్లేదు.

"ఆ కెమిస్టు అమ్మాయికి పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. మొదట్లో రెండుసార్లు వచ్చి పేగులు బయటికొచ్చేలా కక్కుకుంది. మావాడికి జాలేసింది. అప్పట్నుంచీ ఆ పంపు టవరు దగ్గరే ఆపి, పైపైన తోడుకుని, గంటసేపు కూర్చుని తిరిగొచ్చేవాళ్ళు. రెండేళ్ళుగా నా లాంచీలోంచి చూస్తూనే ఉన్నాను."

"ఇది నిన్ననే చెప్పడానికి నోట్లో ఏమడ్డం పడింది?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉద్యోగం పోతుందని వాడు ఒట్టు వేయించుకున్నాడు సార్. నాలుగింటికి మనిషే పోయేలా ఉన్నాడు. ఇంకా ఒట్టేంటి?"

డైరెక్టరు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అడుగునీళ్ళ అంకెలన్నీ ఆ అమ్మాయే ఇచ్చింది. ప్రతి వారం ఎంత అందంగా ఉండేవో. వాటి మీదే డాక్టరేట్ రాస్తోంది. నేనే గైడుని." కొంచెం ఆగి అన్నాడు, "మేడమ్ పోయిన వారం అడిగింది, ఇవి మరీ పుస్తకంలో ఉన్నట్టున్నాయి, మీకు అనుమానం రాలేదా అని. పుస్తకం నిజమైతే తప్పేంటని నవ్వాను."

"అందుకే పడవవాణ్ణి రావద్దంది," అన్నాడు డిటెక్టివ్. "ఆ అమ్మాయిని తనే ఎక్కించుకుని ఇక్కడికి తీసుకొచ్చి, నా కళ్ళ ముందు తోడు అనాలనుకుంది."

"అనుకోవడాలు కోర్టులో నిలబడవు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతులో పొద్దున ఉన్న పొగరు లేదు. "ఆ జాడీ ఎవరైనా వాడొచ్చు. డైరెక్టరుగారు కూడా."

"నేనా?"

"మాటవరసకి అన్నాను."

డిటెక్టివ్ గడియారం చూసుకున్నాడు. రెండున్నర. "డైరెక్టరుగారూ, ఆ అమ్మాయికి ఫోన్ చేయండి. సరస్సు తిరగబడింది, అడుగున ఆక్సిజన్ ఏడుకి పైనే ఉన్నట్టుంది అని చెప్పండి. సంతోషంగా చెప్పండి. సీసా మాట ఎత్తకండి."

"పిచ్చా బావా నీకు? చెప్పేస్తే జాగ్రత్తపడుతుంది."

"పడాలనే. తప్పు చేయని మనిషైతే మొదట ఏమంటుంది? మరి మేడమ్ సీసా తెల్లగా ఎందుకుందీ అని అడుగుతుంది. అడుగుతుందేమో విందాం."

డైరెక్టరు ఫోన్ చేశాడు. స్పీకరులో పెట్టాడు. చెప్పమన్నది చెప్పాడు. సంతోషం మాత్రం ఆయన వల్ల కాలేదు.

"అవునా సార్," అంది కెమిస్టు. కాసేపటికి, "సరే సార్," అంది. ఫోన్ పెట్టేసింది.

మూడూ పదికి వాళ్ళు లేబరేటరీలో అడుగుపెట్టారు. కెమిస్టు కుళాయి దగ్గర నిలబడి సీసాలు కడుగుతోంది. కడిగిన రెండు సీసాలు గుడ్డ మీద బోర్లించి ఉన్నాయి. మూడోది చేతిలో ఉంది.

"అయిపోయిందా అమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అయింది సార్. మొదటిది ఏడు పాయింట్ ఆరు. రెండోది ఏడున్నర."

"మూడోది?"

"ఏడు పాయింట్ రెండు."

ఇన్‌స్పెక్టరు డిటెక్టివ్ వైపు చూడలేదు. ఒక స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు.

"పొద్దున నేను చూసినప్పుడు అది తెల్లగా ఉంది. నువ్వే చెప్పావు, సున్నా అని. అలాగే ఉండాలని. నా కేసంతా నీ మాట మీద కట్టుకున్నాను."

"మందు సరిగ్గా కలవలేదు సార్. ఇక్కడికొచ్చాక మళ్ళీ కదిపితే రంగు తిరిగింది."

"అలా జరుగుతుందా డైరెక్టరుగారూ?"

డైరెక్టరు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "అమ్మాయ్," అన్నాడు. "బిరడా పెట్టిన సీసాని ఎంత కదిపినా లేని ఆక్సిజన్ రాదు. అది నీకు నేనే నేర్పాను."

కుళాయి నీళ్ళు చేతిలోని సీసా నిండి పొర్లుతున్నాయి. ఆమె కుళాయి కట్టలేదు.

"మేడమ్ టవరు దాటి రమ్మంది," అంది చివరికి. "రాలేనన్నాను. పడవలోకి చెయ్యి పట్టుకుని లాగింది. విడిపించుకున్నాను. ఆమె వెనక్కి పడి, రేవులో పడవ తాడు కట్టే ఇనుపగుంజకి తల తగిలింది. నేను తొయ్యలేదు సార్."

ఇన్‌స్పెక్టరు జేబులోంచి ఫోన్ తీసి స్టేషన్‌కు చేశాడు. "జీపు ఆపండి. పడవవాణ్ణి కోర్టుకి పంపకండి. వాడి అక్క వస్తుంది, కూర్చోబెట్టండి." ఫోన్ లోపల పెట్టుకుని కెమిస్టుతో మెత్తగా అన్నాడు, "జారిపడింది. నువ్వు భయపడ్డావు. పడవలో పడుకోబెట్టి వదిలేశావు. అంతే కదమ్మా? అది వేరు, హత్య వేరు. ఇలా చెప్పాల్సింది నిన్ననే."

ఆమె తల ఊపింది.

"గాలికి పడవ ఊగి ఆమె నీళ్ళలోకి జారిందన్న మాట," అన్నాడు డిటెక్టివ్. "ఒక్క సంగతి చెప్పమ్మా. లేబరేటరీకొచ్చి జాడీ తీసుకుని, రేవుకి వెళ్ళి, మూడు సీసాలు నింపి, మందులు వేసి, చీటీలు అంటించడానికి ఎంతసేపు పట్టింది?"

"ఇరవై నిమిషాలుంటుంది."

"అంతసేపూ మేడమ్ ఎక్కడుంది?"

"రేవు చెక్కల మీదే. పడినచోటే."

"కదల్లేదా?"

ఆమె కుళాయి కట్టేసింది. సీసా వంచి నీళ్ళు పారబోసి, గుడ్డ మీద మిగతా రెండింటి పక్కన బోర్లించింది.

"మూడో సీసాకి బిరడా పెడుతుంటే కళ్ళు తెరిచింది సార్. నా పేరు పెట్టి పిలిచింది. మంచినీళ్ళు అడిగింది."

"ఇచ్చావా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"లేదు," అంది కెమిస్టు. "పడవలోకి దొర్లించి తాడు విప్పాను."